లో పాస్‌లో చిన్న విమానాలు ఎందుకు కూలతాయి: గాలి పాత్ర ఎంత, కంటి మోసం ఎంత

ఒక చిన్న విమానం రన్‌వే మీదుగా నేలను తాకేంత కిందికి దూసుకొచ్చి, చివర్లో ముక్కు పైకెత్తి, ఒక పక్కకు తిరగబోయి కూలిపోయిందనుకోండి. ఆ పూట గాలి కూడా విసురుగా ఉంది. చూసినవాళ్లు "గాలి ఎత్తి పడేసింది" అంటారు. విమానాలు నడిపేవాళ్లేమో "స్పీడ్ చూసుకోలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ అదే గాలిలో, అలాంటి విమానమే మూడు వేల అడుగుల ఎత్తులో కాస్త కుదుపులతో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వస్తుంది. స్పీడ్ తగ్గినా అక్కడ సర్దుకోవడానికి వీలుంటుంది. మరి యాభై అడుగుల దగ్గర ఏం మారింది? ఎత్తు తక్కువ కాబట్టి అనేది సగం జవాబే. మిగతా సగం కొంచెం చిక్కుగా ఉంటుంది. పైలట్లే దాని గురించి ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు.

దిగే ఉద్దేశం లేకుండా నేలకు బాగా దగ్గరగా ఎగిరి వెళ్లడాన్ని లో పాస్ అంటారు. దీనికి సరైన కారణాలు ఉండొచ్చు. మారుమూల ఎయిర్‌స్ట్రిప్ మీద పశువులున్నాయా, నీళ్లు నిలిచాయా అని దిగేముందు ఒకసారి చూసుకుంటారు. పొలాలకు మందు కొట్టే విమానాలకైతే అది రోజువారీ పని. మూడో రకం లో పాస్ కింద నిలబడ్డ స్నేహితుల కోసమో, వీడియో కోసమో చేసేది. నన్నడిగితే అసలు భయపడాల్సింది దీని గురించే. మొదటి రెండింటిలో పాస్ అయిపోతే పని అయిపోయినట్టే. మూడో దానిలో మాత్రం చివర్లో ఏదో ఒక విన్యాసం లేకపోతే చేసినవాడికే తృప్తి ఉండదు.

ముందు స్టాల్ గురించి చూద్దాం, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఎదురొచ్చే గాలికి రెక్క ఏ కోణంలో ఉందో దాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. ఈ కోణం పెరిగేకొద్దీ రెక్క ఎక్కువ బరువు మోస్తుంది, కానీ ఒక హద్దు దాకానే. మామూలు చిన్న విమానాల్లో సుమారు 15 నుంచి 18 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారాల్సిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి మోసే శక్తి, ఒక్కసారిగా పడిపోతుంది. ఇంజిన్ నిక్షేపంగా తిరుగుతున్నా సరే, రెక్క మాత్రం మోయడం మానేస్తుంది. స్టాల్‌కు అసలు కారణం కోణం. పుస్తకాల్లో రాసే స్టాల్ స్పీడ్ అనే అంకె, విమానం తిన్నగా, నిలకడగా ఎగురుతున్నప్పుడు ఆ కోణం ఏ వేగం దగ్గర వస్తుందో చెప్పేది మాత్రమే.

ఒక ఊహాత్మక విమానం తీసుకుందాం. తిన్నగా ఎగిరేటప్పుడు దాని స్టాల్ స్పీడ్ 50 నాట్లు, అంటే గంటకు 93 కిలోమీటర్లు. మలుపు తిరగాలంటే రెక్కలు వాల్చాలి, దాన్నే బ్యాంక్ అంటారు. వాల్చిన రెక్క ఎత్తును నిలబెడుతూనే విమానాన్ని పక్కకు కూడా లాగాలి కాబట్టి, విమానం బరువు పెరిగినట్టే లెక్క. ఎత్తు కోల్పోకుండా 30 డిగ్రీల బ్యాంక్‌లో తిరిగితే స్టాల్ స్పీడ్ 54 నాట్ల దగ్గరకు వస్తుంది. 45 డిగ్రీలకు సుమారు 60, 60 డిగ్రీలకు 71. స్పీడ్ మీటర్ మీద గీసిన గుర్తు మాత్రం పాత చోటే ఉంటుంది.

ఇక గాలి. విమానాశ్రయం ఇచ్చే వాతావరణ నివేదికలో గాలి వేగాన్ని సగటు లెక్కన చెబుతారు. విసుర్లు ఆ సగటు కంటే పది నాట్లో అంతకంటే ఎక్కువో ఉంటే విడిగా రాస్తారు. గాలి 18 నాట్లు, విసుర్లు 30 అని ఉందంటే 12 నాట్ల ఊగిసలాట అన్నమాట. విమానానికి బరువుంది కాబట్టి, గాలి మారిన క్షణంలో నేలతో పోల్చిన దాని వేగం మారిపోదు. 70 నాట్ల గాలివేగంతో (అంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చిన విమానం వేగం, స్పీడ్ మీటర్ చూపేది ఇదే) విసురుకు ఎదురుగా వెళ్తుండగా ఆ విసురు ఆగిపోతే, రెక్క మీద పారే గాలి 58 నాట్లకు పడిపోతుంది. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మోసే శక్తిలో మూడో వంతు దాకా ఆ క్షణాన పోయినట్టే. తిన్నగా ఎగురుతున్నవాడు ఒక్కసారి కిందికి జారి, పవర్ పెంచి బయటపడతాడు. 45 డిగ్రీల మలుపులో ఉన్నవాడి స్టాల్ స్పీడ్ 60 అని ఇప్పుడే చూశాం. అతను అప్పటికే స్టాల్ అయిపోయాడు.

ఇది అడ్డంగా వచ్చే విసురు సంగతి. కింది నుంచి పైకి తన్నే విసురు వేరే దారిలో దెబ్బ కొడుతుంది. అది వేగాన్ని పెద్దగా మార్చదు, నేరుగా కోణాన్నే పెంచుతుంది. 60 నాట్ల వేగంతో వెళ్తున్న విమానానికి 8 నాట్ల పైకి గాలి తగిలితే యాంగిల్ ఆఫ్ అటాక్ దాదాపు ఏడున్నర డిగ్రీలు పెరుగుతుంది. నెమ్మదిగా వెళ్లే విమానం అప్పటికే పది డిగ్రీల దగ్గర ఉంటే, పైలట్ చెయ్యి కదపకుండానే హద్దు దాటిపోతుంది. అదే విసురు 110 నాట్ల దగ్గర తగిలితే పెరిగేది నాలుగు డిగ్రీల పైచిలుకే.

అయితే వేగంగా వెళ్తే సరిపోతుందిగా? చాలామంది లో పాస్ వేగంగా చేసేది ఈ ధైర్యంతోనే. వేగం స్టాల్‌ను దూరం పెడుతుంది, నిజమే. కానీ విమానం ఒంటి మీద పడే భారాన్ని దగ్గరికి తెస్తుంది. మన విమానం 100 నాట్ల దగ్గర కంట్రోల్‌ను, అంటే ముక్కు ఎత్తే చేతి పిడిని, గట్టిగా వెనక్కి లాగితే రెక్క విమానం బరువుకు నాలుగు రెట్లు మోయగలదు. మామూలు తరగతి చిన్న విమానాలను తయారుచేసేది 3.8 రెట్ల భారానికి. దాని మీద ఒకటిన్నర రెట్లు, అంటే 5.7 దాకా విరగకూడదన్నది డిజైన్ నియమం. 120 నాట్ల దగ్గర అదే లాగుడుకు వచ్చే భారం 5.76. అంటే ఆ వేగంలో స్టాల్ రాకముందే విరిగే హద్దుకు చేరుకోవచ్చు. ఆ పైన విసురు తగిలితే దాని కుదుపు లాగుడుకు తోడవుతుంది. వేగం రెట్టింపైతే కుదుపు భారం కూడా దాదాపు రెట్టింపు. విమానం పాతదై, రెక్క విమానం ఒంటికి కలిసే మొదలు దగ్గర లోపల ఎక్కడో తుప్పో పగులో ఉంటే ఈ అంకెలకు కూడా భరోసా లేదు.

పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని ప్రకటించే వేడుకల్లో జరిగిన రెండు ప్రమాదాలు ఈ రెండు దారులనూ చూపిస్తాయి. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక వ్యవసాయ విమానం తక్కువ ఎత్తులో సుమారు 350 గ్యాలన్ల గులాబీ రంగు నీళ్లు కుమ్మరించింది. వేగం మరీ తగ్గిపోయి, స్టాల్ అయి పడిపోయింది. అందులో ఉన్నవాళ్లు బతికారు. 2023 సెప్టెంబర్‌లో మెక్సికోలోని సినలోవా రాష్ట్రంలో ఒక పైపర్ పానీ విమానం జంట మీదుగా గులాబీ పొడి చల్లి, పైకి లేస్తుండగానే ఎడమ రెక్క విరిగిపోయింది. పైలట్ చనిపోయాడు. వీటిలో గాలి పాత్ర ఉందని నేను అనడం లేదు. గాలి లేకుండానే ఆ రెండు హద్దులూ ఎంత దగ్గరగా ఉంటాయో చూపడానికే చెప్పాను.

లో పాస్ చివరన ముక్కు పైకెత్తి నిటారుగా లేచే ఆ ఘట్టం గురించి కొంచెం లెక్క వేస్తే చాలా భ్రమలు తొలగుతాయి. వేగాన్ని ఎత్తుగా మార్చుకోవచ్చు, నిజమే. ఎంత ఎత్తు? 100 నాట్ల నుంచి 55 నాట్లకు తగ్గేదాకా పైకి లేస్తే వేగం నుంచి దక్కేది సుమారు 310 అడుగులు. 120 నుంచి 60కి తగ్గితే సుమారు 480. గాలి రాపిడి ఇందులో కొంత తినేస్తుంది, ఇంజిన్ కొంత తిరిగి ఇస్తుంది. కింద నుంచి చూసేవాడికి విమానం రాకెట్‌లా లేచినట్టు కనబడుతుంది. లోపల మాత్రం స్పీడ్ మీటర్ ముల్లు క్షణాల్లో ఎడమవైపుకు వాలిపోతుంటుంది. మూడు వందల అడుగుల దగ్గర, 55 నాట్లతో, ముక్కు ఆకాశం వైపు పెట్టుకుని, అక్కడి నుంచి మలుపు తిరగాలని చూస్తాడు పైలట్. ఆ ఎత్తులో బ్యాంక్ వేసి ముక్కు నిలబెట్టాలని కంట్రోల్‌ను లాగితే 45 డిగ్రీలకు 60 నాట్లు కావాలి. అతని దగ్గర లేవు. విసురు ఇంకా రానేలేదు.

గాలికి ఇక్కడ ఇంకో పాత్ర ఉంది, విసుర్లతో సంబంధం లేనిది. నేల మీది చెట్లు, కట్టడాలు, గుట్టలు గాలిని ఆపుతాయి కాబట్టి కింద గాలి నెమ్మదిగా, పైన వేగంగా ఉంటుంది. 50 అడుగుల దగ్గర 15 నాట్లున్న గాలి 300 అడుగుల దగ్గర 20 దాకా ఉండడం మామూలే. ఎదురుగాలిలో పైకి లేస్తే ఈ తేడా మేలు చేస్తుంది, కొన్ని నాట్లు ఉచితంగా ఇస్తుంది. గాలి వెనక నుంచి తోస్తుండగా లేస్తే అవే నాట్లు కోత పడతాయి. పైకి లేవడానికే శక్తి చాలక తంటాలు పడుతున్న చిన్న ఇంజిన్‌కు అది తక్కువ భారమేమీ కాదు.

ఇప్పుడు పైలట్ల మధ్య ఎప్పటికీ తెగని ఆ వాదనకు వద్దాం. ఎదురుగాలి నుంచి గాలి వాలుకు తిరిగితే విమానం వేగం కోల్పోయి పడిపోతుందని ఒక వర్గం అంటుంది. అది శుద్ధ అపోహ అని ఇంకో వర్గం. భౌతికశాస్త్రం ప్రకారం రెండో వర్గానిదే గెలుపు. గాలి ఒకే వేగంతో నిలకడగా వీస్తున్నంతకాలం విమానం ఆ గాలిలో భాగమే. పారే ఏట్లో పడవ చుట్టూ తిరిగితే నీళ్లకు సంబంధించినంతవరకు ఏ వైపు తిరిగినా ఒకటే, ఇదీ అంతే. స్పీడ్ మీటర్‌కు గాలి ఎటు వీస్తోందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అయినా మొదటి వర్గంవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్లు చూసిన ప్రమాదాలు నిజమైనవే, చెప్పే కారణం తప్పు. తప్పు ఎక్కడుందంటే, వేల అడుగుల ఎత్తులో నేల నెమ్మదిగా కదులుతున్నట్టుంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. యాభై అడుగుల దగ్గర కళ్ల ముందు ఉన్నదంతా నేలే. 80 నాట్ల గాలివేగంతో 25 నాట్ల ఎదురుగాలిలో వెళ్తుంటే నేల 55 నాట్ల వేగంతో వెనక్కి పోతుంది. గాలి వాలుకు తిరిగేసరికి అదే నేల 105 నాట్లతో ఉరుకుతుంది. మీటర్ మాత్రం 80 దగ్గరే ఉంటుంది. కళ్లు "అబ్బో, చాలా స్పీడ్" అంటాయి. చెయ్యి దానంతటదే పవర్ తగ్గిస్తుంది, లేదా ముక్కు కొంచెం పైకెత్తుతుంది. ఇది శిక్షణలో చెప్పిన విషయమే. కానీ అంత దగ్గరగా కనబడే నేల కంటే, ఆ చిన్న మీటర్‌ను నమ్మడానికి అలవాటు కావాలి.

ఇంకో మోసం దీనికంటే సూక్ష్మమైనది. ఎదురుగాలి నుంచి గాలి వాలుకు తిరిగేటప్పుడు గాలి విమానాన్ని మలుపు లోపలి వైపుకు నెడుతుంది. పైలట్‌కు విమానం లోపలికి జారిపోతున్నట్టు అనిపిస్తుంది. నిజంగా జారడం లేదు, మలుపు చక్కగానే ఉంది. కానీ దాన్ని సరిచేద్దామని లోపలి వైపు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక, కాళ్లతో నడిపేది) నొక్కుతాడు. దాంతో ముక్కు లోపలికి తిరుగుతుంది, రెక్క ఇంకా వాలబోతుంది, దాన్ని ఆపడానికి ఏలెరాన్‌లను (రెక్కలను వాల్చే పలకలు, చేత్తో నడిపేవి) ఎదురు వైపుకు తిప్పుతాడు. కాళ్లు ఒక దిక్కు, చేతులు ఇంకో దిక్కు. ఈ స్థితిలో స్టాల్ అయితే కింది రెక్క ముందు మోయడం మానేస్తుంది. విమానం మలుపు దిశలోనే తలకిందులుగా దొర్లిపోతుంది. ఎలాంటి ముందస్తు వణుకూ పెద్దగా ఉండదు. లో పాస్ ప్రమాదాల వీడియోల్లో "ఒక్కసారిగా పల్టీ కొట్టింది" అనిపించేది చాలాసార్లు ఇదే.

అలాస్కాలో ఈ రకం ప్రమాదానికి ఒక పేరే ఉంది, "మూస్ స్టాల్". మూస్ అంటే అక్కడి అడవుల్లో తిరిగే భారీ దుప్పి. దాన్ని చూడటానికి, ఫొటో తీయడానికి దాని చుట్టూ తక్కువ ఎత్తులో గిరగిరా తిరుగుతూ చిన్న విమానాలు కూలిన సందర్భాలు ఎన్నో. గాలి ఉన్నప్పుడు నేల మీది ఒకే బిందువు చుట్టూ సమానమైన వృత్తం గీయాలంటే బ్యాంక్‌ను మారుస్తూ పోవాలి. 200 మీటర్ల వ్యాసార్థం తీసుకుని ఇందాకటి అంకెలే, అంటే 80 నాట్ల గాలివేగం, 25 నాట్ల గాలి, పెట్టి చూడండి. ఎదురుగాలి వైపు 22 డిగ్రీల బ్యాంక్ చాలు. గాలి వాలులో 56 డిగ్రీలు కావాలి. 56 డిగ్రీల దగ్గర మన విమానం స్టాల్ స్పీడ్ 67 నాట్లు. 80తో వెళ్తున్నాడు కాబట్టి ఇంకా 13 నాట్ల మిగులు ఉంది. అందులో ఒక విసురు 12 తీసేస్తే మిగిలేది ఒక్క నాటు. నేల ఉరుకుతోందని పవర్ తగ్గించి ఉంటే అదీ ఉండదు. అన్నిటికంటే నిటారైన బ్యాంక్, అన్నిటికంటే ఎక్కువ స్పీడ్ ఉందన్న భ్రమ, రెండూ ఒకే చోట కలుస్తాయి. అదీ గాలి నిజంగా చేసే పని. చూపు అంతా కిటికీలోంచి కింద ఉన్న దుప్పి మీదో, చేతులూపే మనుషుల మీదో ఉంటుంది, మీటర్ మీద ఉండదు.

స్టాల్ హెచ్చరిక మోగదా అని అడగొచ్చు. మోగుతుంది, మామూలుగా స్టాల్‌కు కనీసం ఐదు నాట్ల ముందే. కానీ విసుర్ల రోజున నెమ్మదిగా ఎగిరితే అది ఉండుండి కూస్తూనే ఉంటుంది. పదిసార్లు ఉత్తినే కూసిన దాన్ని పదకొండోసారి చెవి పట్టించుకోదు.

ఎయిర్‌స్ట్రిప్‌ల దగ్గర విసుర్లకు చాలావరకు కారణం అక్కడి చెట్లూ, విమానాలు ఉంచే షెడ్లూ (హ్యాంగర్లు). గాలి వాటి మీదుగా దొర్లి, అవతల సుడులుగా విరుగుతుంది. ఈ సుడుల ప్రభావం అడ్డంకి ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం దాకా సాగుతుంది. అందుకే గాలిని కొలిచే పరికరాన్ని పది మీటర్ల ఎత్తున, చుట్టుపక్కల అడ్డంకుల నుంచి వాటి ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో పెట్టాలని వాతావరణ శాఖల ప్రమాణం. అంటే నివేదికలో ఉన్న గాలి, అడ్డంకులు లేని చోట కొలిచిన గాలి. లో పాస్ చేసేవాడు ఎగిరేది సరిగ్గా ఆ సుడుల గాలిలో, చెట్ల వరుస వెనక. దానికి తోడు మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి లేచే గాలులు. మందు కొట్టే పైలట్లు తెల్లవారుజామునే పని మొదలుపెట్టడానికి మందు పక్క పొలాలకు కొట్టుకుపోకూడదన్నది ఒక కారణమైతే, ఆ వేళ గాలి కుదురుగా ఉండడం వాళ్ల ప్రాణాలకూ మంచిదే.

ఇక ఎత్తు. స్టాల్ ముదిరి స్పిన్‌లో, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్థితిలో, పడ్డ చిన్న విమానం ఒక్కో చుట్టుకు సుమారు మూడు సెకన్లలో 500 అడుగుల దాకా కోల్పోతుంది. మూడు వందల అడుగుల దగ్గర మొదలైతే చుట్టు పూర్తికాదు. పైగా బయటపడాలంటే ముందు చేయాల్సింది ముక్కును కిందికి నొక్కడం. నేల కళ్ల నిండా కనబడుతున్నప్పుడు చెయ్యి దానికి ఒప్పుకోదు, వెనక్కే లాగుతుంది. ఇంకా లాగితే స్టాల్ ఇంకా ముదురుతుంది.

నిబంధనలు ఈ లెక్కలన్నీ చెప్పకపోయినా, ఫలితాన్ని మాత్రం గట్టిగానే చెబుతాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లో, కంటి చూపుతో ఎగిరే విమానం జనావాసాల మీద, 600 మీటర్ల చుట్టుపక్కల ఉన్న అన్నిటికంటే ఎత్తైన అడ్డంకి పైన 300 మీటర్లు, మిగతా చోట్ల నేల నుంచి 150 మీటర్ల ఎత్తు ఉంచాలి. టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ మినహాయింపు ఉంది. లో పాస్‌ను "ల్యాండింగ్ ప్రయత్నం" అని చెప్పి ఈ మినహాయింపులో దూరేవాళ్లు లేకపోలేదు.

నిజంగా రన్‌వే చూసుకోవాల్సి వస్తే చేసే పాస్ వేరేలా ఉంటుంది. అది ఎదురుగాలిలో, రన్‌వేకు ఒక పక్కగా, తిన్నగా సాగుతుంది. పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటాడు కాబట్టి రన్‌వేను తన ఎడమవైపు ఉంచుకుంటాడు. వేగానికి విసురు తేడాలో సగం కలుపుకుంటాడు. అంటే మామూలుగా 65 నాట్లతో వచ్చేవాడు, 18 నాట్ల గాలికి 30 విసురు ఉంటే 71తో వస్తాడు. ఎత్తు ఎంత ఉంచాలో, ఎక్కడ నుంచి పైకి లేవాలో ముందే అనుకుని ఉంటాడు. రన్‌వే చివర ముక్కును మామూలుగా ఎత్తి, తిన్నగానే పైకి వెళ్తాడు. ఎయిర్‌స్ట్రిప్ చుట్టూ తిరిగే ఎత్తుకు, అంటే చాలాచోట్ల వెయ్యి అడుగులకు, దగ్గరపడ్డాకే మొదటి మలుపు. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) గిలగిలా కొట్టుకుంటుంటే రెండో పాస్ చేయకుండా వేరే రన్‌వేకు వెళ్లిపోతాడు. కింద నిలబడ్డవాళ్లకు ఇందులో వీడియో తీసుకోదగ్గదేమీ ఉండదు.